కేతకి వరస తప్పిన రోజు

ఏప్రిల్ 27

పూజ్యురాలైన అమ్మకు,

శుభద నమస్కరించి రాసే ఉత్తరం. ఇక్కడ నేనూ ఆయనా బాగానే ఉన్నాం. నా నాలుగో తరగతి పిల్లలు తొమ్మిది మందీ బాగానే ఉన్నారు. పిల్లల సంగతి ఇలా విడిగా ఎప్పుడూ రాయలేదు కదా, ఈసారి ఎందుకు రాశానో చదువుతూ పోతే నీకే తెలుస్తుంది. నువ్వూ, తమ్ముడూ, వాడి పిల్లలూ క్షేమంగా ఉన్నారని, నీ మోకాలికి ఆ కొత్త నూనె పనిచేస్తోందని అనుకుంటున్నాను. ఫోన్ అయితే రెండు మాటల్లోనే నా గొంతులో తేడా పట్టేస్తావు. అందుకే ఈ నెలంతా నువ్వు ఫోన్ చేసినప్పుడల్లా ఆయన చేతికిచ్చి వంటింట్లోకి తప్పుకున్నాను.

నువ్వు అడిగినవాటికి ముందు జవాబులు. వెల్లుల్లి కారం అందింది, సగం అయిపోయింది కూడా. భిన్నాల పాఠం నువ్వు చెప్పినట్టే చేశాను. బడిలో వంట చేసే సుమన్‌ని అడిగి బియ్యప్పిండి రొట్టెలు కాల్పించి, ఒకటి మూడు ముక్కలు, ఒకటి ఆరు ముక్కలు చేయించాను. మూడో వంతు పెద్దదా, ఆరో వంతు పెద్దదా అని ఎప్పుడడిగినా ఆరే పెద్దది అనే సోనల్, ఆ రోజు రెండు ముక్కలూ రెండు చేతుల్లో పట్టుకుని చాలాసేపు చూసి, "ఇన్నాళ్లూ నేను తక్కువ రొట్టె తిన్నాను బాయీ" అని ఈ టీచరమ్మకే చెప్పింది. నీ కారం సగం అయిపోయింది ఆ పాఠం వల్లనే. ఊరి పటం గీయడం అయింది. వార్షిక పరీక్షలు అయ్యాయి. చేతిరాత పత్రిక కూడా కుట్టేశాం. దానికి 'పోటు' అని పిల్లలే పేరు పెట్టారు. దాని గురించి కింద రాస్తాను.

ఇక నీ చివరి ప్రశ్న. "పేపర్లో చూశాను. ఆ వరస తప్పిన పిల్ల ఎవరే? అలాంటిదాన్ని మొదటినుంచీ నీ పక్కనే నడిపించుకోవాలి. ముప్పయి రెండేళ్లు నేను అలాగే చేశాను" అని రాశావు. ఆ నాలుగు పంక్తులు రెండు వారాలుగా నా చేతిసంచిలో ఉన్నాయి. బడికి వెళుతున్నాయి, ఇంటికి వస్తున్నాయి.

ఆ పిల్ల పేరు కేతకి. వాళ్ల నాన్న వాసుదేవ్ చేపల పడవ మీద పనిచేస్తాడు, తల్లి మామిడి సీజనుకి రత్నగిరి ఫ్యాక్టరీకి వెళ్లింది. నాయనమ్మ భాగీరథి ఆజీ ఉప్పుటేట్లో గుల్లలు ఏరి అమ్ముతుంది. జనవరిలో ఆఖరి టర్ము మొదలవగానే నేను పిల్లల చేత ఆటుపోట్ల పట్టిక మొదలుపెట్టించాను. పడవల రేవు దగ్గర గీతలు గీసిన వెదురు కర్ర పాతాం. ఏ వేళకు నీరు ఎంత ఎక్కింది, ఎప్పుడు తిరిగింది, రోజూ చూసి గోడ మీది కాగితంలో రాయాలి. వారం తిరిగేసరికి మిగతావాళ్లు విసుగుపడి మానేశారు. కేతకి ఒక్కతే మూడు నెలలూ వదలకుండా రాసింది.

కొత్త సంవత్సరం పండుగ గుడీ పాడ్వా అయిన రెండు రోజులకు, శుక్రవారం, పిల్లల్ని ఉప్పుటేటి మధ్య ఇసుక దిబ్బ మీదికి తీసుకెళ్లాను. నీరు తీసినప్పుడు నడిచి వెళ్లొచ్చు, ఊళ్లో ఆడవాళ్లు రోజూ వెళ్లే చోటే. తాడుతో గజం పొడుగు, గజం వెడల్పు చదరం వేసి, అందులో ఎన్ని గుల్లలు, ఎన్ని పీతలు, ఎన్ని పురుగులు ఉన్నాయో లెక్కపెట్టి, దాన్నిబట్టి దిబ్బ మొత్తం మీద ఎన్ని ఉంటాయో లెక్క కట్టడం ఆనాటి పని. బయల్దేరేటప్పటికి ఏడున్నర. ఒంటిపూట బడి కాబట్టి పదిన్నరకల్లా తిరిగి రావాలి. మా ప్రధానోపాధ్యాయుడు సామంత్ గురూజీ మిగతా తరగతులతో బడిలోనే ఉండిపోయారు. తొమ్మిది మంది పిల్లలతో నేనొక్కదాన్నే వెళ్లాను.

అమ్మా, ఆ మొదటి గంట ఎంత బాగుందో చెప్పలేను. ఎప్పుడూ నోరు విప్పని పిల్లలు కూడా మోకాళ్ల మీద కూర్చుని అరుచుకుంటూ లెక్కపెట్టారు. ఒకడు పీతని రెండుసార్లు లెక్కేశాడని పెద్ద తగువు. నేను తలెత్తి వెనక్కి చూసేసరికి తొమ్మిది దాటింది. మేము చీలమండ తడవకుండా దాటి వచ్చిన పాయ, బస్సు పోయే రోడ్డంత వెడల్పై, రంగు మారి, ఏటి పైవైపుకి పారుతోంది.

అప్పటిదాకా ఇంకా చాలా టైముందని నేను ధీమాగా ఉన్నాను. "అన్నీ వదిలెయ్యండి, చేతులు పట్టుకోండి, వచ్చిన దారినే దాటేద్దాం" అన్నాను. అప్పుడు కేతకి వరసలోంచి బయటికొచ్చి అడ్డంగా నిలబడింది.

"ఇక్కడ వద్దు బాయీ. ఇక్కడ అడుగున బురద. పైకి పోదాం, రాళ్ల దగ్గర దాటుదాం."

"అంత దూరం పోయే టైము లేదు. వరసలోకి రా."

"కాలు దిగిపోద్ది బాయీ, మా ఆజీ ఇటు ఎప్పుడూ దాటదు."

"రమ్మన్నానా" అని అరిచాను.

అది రాలేదు. వెనక్కి తిరిగి రాళ్ల వైపు పరుగెత్తింది. దాని వెనకే ఆరుగురు పరుగెత్తారు. నా చేతుల్లో మిగిలింది సోనల్, ఇంకొక పిల్లవాడు. వెళ్లినవాళ్లని పిలవాలా, చేతిలో ఉన్నవాళ్లని దాటించాలా తెలియలేదు. నీళ్లలోకి దిగాను. నాలుగో అడుగుకే నా కాలు మోకాలి దాకా బురదలో దిగబడింది. నాకు నడుము దాకా ఉన్న నీరు సోనల్‌కి గొంతు దాకా వచ్చింది. దాని చెయ్యి జారింది. ఎలా పట్టుకున్నానో నాకు గుర్తులేదు. ఒడ్డుకి చేరాక చూసుకుంటే నా గుప్పిట్లో దాని వెంట్రుకలు ఉన్నాయి. పిల్లవాడు నా మెడ పట్టుకుని వేలాడుతున్నాడు. ముందుకు పోలేక వెనక్కే లాక్కుంటూ దిబ్బ మీదికి వచ్చి పడ్డాం. అప్పుడు ఏటి పైవైపు రాళ్ల నుంచి కేక వినబడింది. "ఇటు రండి బాయీ, ఇటు మోకాలి లోతే." రాళ్ల అవతల ఆరుగురూ ఒడ్డున ఉన్నారు. కేతకి మాత్రం మా కోసం మళ్లీ ఏట్లోకి వచ్చి, రాతి మీద నిలబడి చెయ్యి ఊపుతోంది. సోనల్‌ని భుజాన వేసుకుని అటు పరుగెత్తాను. ఎక్కడ కాలు పెట్టాలో అదే ముందు నడిచి చూపించింది.

సోనల్ ఒడ్డున నీళ్లు కక్కుకుంది. సాయంత్రానికి జ్వరం. రెండు రోజులు ఆసుపత్రిలో ఉంది. ఇప్పుడు బాగానే తిరుగుతోంది, రొట్టెలు అడుగుతోంది.

ఆ మధ్యాహ్నమే ఊరంతా బడి ముందు నిలబడింది. సామంత్ గురూజీ తలుపు వేసి నన్ను కూర్చోబెట్టి తెల్లకాగితం ముందు పెట్టారు.

"విద్యాశాఖ సాహెబు రేపు తనిఖీకి వస్తున్నాడు. ఈలోగా రిపోర్టు ఉండాలి. నీరు ఎందుకు చుట్టుముట్టింది?"

నేను కాగితం దగ్గరికి లాక్కున్నాను.

"ఆ పిల్ల వరస వదిలి పరుగెత్తింది కదా. అందరూ చూశారు. దాన్ని పట్టుకోబోయి ఆలస్యమైంది. ఇంతే. ఉన్నదే రాయమంటున్నాను శుభదా, లేనిది రాయమనడం లేదు. నాకు మే ముప్పయ్యొకటిన రిటైర్మెంటు. నీకు ఇంకా ఇరవయ్యేళ్ల సర్వీసుంది."

రాశాను. సంతకం చేశాను. ఆయనా చేశారు. పేపరువాళ్లకి అందులోంచే వెళ్లింది.

ఆ తర్వాత జరిగింది విను. ఊరు నన్ను ఏమీ అనలేదు. పైగా, మెడలోతు నీళ్లలోంచి పిల్లని లాగిందని సోనల్ తల్లి వచ్చి నా కాళ్లకు దణ్ణం పెట్టబోయింది. మాటలన్నీ కేతకి మీద పడ్డాయి; పిల్లలు ఏదో చెప్పబోయినా, బాయి సంతకం పెట్టిన కాగితం ముందు ఎవరూ వినలేదు. రేవులో ఆడవాళ్లు దాన్ని చూసి పిల్లల్ని దగ్గరికి లాక్కున్నారు. తరగతిలో దాని పక్కన కూర్చునే పిల్ల వేరే చోటికి మారింది. మా బడిలో నాలుగుతో సరి కదా; ఐదుకి పడవెక్కి అవతలి ఒడ్డుకి పోవాలి. మిగతా ఎనిమిది మంది పేర్లూ అవతలి బడికి పంపాం. తొమ్మిదో పేరు కోసం వాసుదేవ్ ఇంటికి వెళ్లాను. అతను వల బాగుచేసుకుంటూ తలెత్తకుండా చెప్పాడు.

"బాయి మాటే వినని పిల్ల, రోజూ పడవ మీద ఎవరి మాట వింటుంది? రేపు అక్కడ ఎవరినో ముంచితే నేను ముఖం ఎక్కడ పెట్టుకోను? వాళ్ల ఆజీతో గుల్లలకి పోతుంది. చదివింది చాలు."

కేతకి గడపలో కూర్చుని గుల్లలు వలుస్తోంది. నా వైపు చూసింది. చెప్పండి బాయీ అని ఆ చూపు అడిగినట్టు నాకు అనిపించింది. అదేం అడగలేదేమో, నాకే అలా అనిపించిందేమో. "ఆలోచించండి" అని మాత్రం అని వచ్చేశాను.

పరీక్షలయ్యాక పత్రిక పని పెట్టుకున్నాం. ఒక్కొక్కరు ఒక్కో పేజీ, ఈ ఏడాది తాము నేర్చుకున్నది ఏదైనా రాయాలి. సోనల్ రొట్టె ముక్కల గురించి రాసింది. కేతకి ఆటుపోట్ల గురించి రాస్తుందని నేను ఖాయంగా అనుకున్నాను. పేజీలన్నీ ఇంటికి తెచ్చుకుని తప్పులు దిద్దుతుంటే దాని పేజీ వచ్చింది. ఉన్నదున్నట్టు రాస్తున్నాను చూడు. 'నేను వరస తప్పాను. బాయి రమ్మన్నా రాలేదు. నా వల్ల సోనల్ నీళ్లలో పడింది. అందరూ అదే అంటున్నారు కాబట్టి అదే నిజం. పెద్దవాళ్లు చెప్పినప్పుడు మనకు తెలిసినా ఊరుకోవాలని ఈ ఏడాది నేర్చుకున్నాను.'

ఒక్క అక్షరదోషం లేదమ్మా. ఎర్ర కలం పట్టుకుని అలాగే కూర్చున్నాను. ఆయన వచ్చి అన్నం పెట్టమన్నారు, వినబడలేదు. ఒక ఏడాదంతా నిలబడి పాఠాలు చెప్పి, ఒక పిల్లకి నేను నేర్పింది ఇది.

ఇప్పటిదాకా ఈ ఉత్తరంలో నీ దగ్గర కూడా ఒకటి దాచాను. అప్పట్లో గురూజీకీ చెప్పలేదు, ఇంట్లో ఆయనకీ చెప్పలేదు. ఆ శుక్రవారం ఏడున్నరకి రేవు మెట్లు దిగుతుండగా కేతకి నా కొంగు లాగింది. "బాయీ, మీరు పుస్తకంలో రాసుకున్నది రేపటి టైము. ఇవాళ నీరు ఇప్పుడే తిరిగింది. కర్ర చూడండి." నిజమే. మేము మొదట శనివారం వెళదామనుకున్నాం. సాహెబు ఆ రోజు వస్తాడని తెలిసి ఒక రోజు ముందుకు జరిపాను, టైము మాత్రం శనివారానిదే ఉంచేశాను. రోజుకి యాభై నిమిషాల తేడా వస్తుందని ఆ పిల్లలకి చెప్పింది నేనే. కర్ర పది అడుగుల దూరంలో ఉంది. తల తిప్పితే కనబడుతుంది.

నేను తిప్పలేదు. అంతకుముందు రోజే, బోర్డు మీద నేను రాసిన ఒక అంకె తప్పని కేతకి లేచి చెప్పింది. గుమ్మంలో ఉన్న సామంత్ గురూజీ, "ఇక నువ్వు కూర్చో శుభదా, పాఠం అది చెప్తుంది" అని నవ్వారు. పిల్లలంతా నవ్వారు. ఆ నవ్వు అప్పటికి నాలో ఇంకా మండుతోంది. అందుకని రేవు మెట్ల మీద దానితో అన్నాను: "ప్రతిదానికీ నువ్వే పెద్దదానివా? నోరు మూసుకుని వరసలో నడువు."

అది నోరు మూసుకుని వరసలో నడిచింది. దిబ్బ మీద గంటన్నర ఒక్క మాట మాట్లాడలేదు. గుల్లలు లెక్కపెట్టలేదు. నీళ్ల వైపు తిరిగి నిలబడి ఉంది. అలిగిందనుకుని పట్టించుకోలేదు.

నీ ప్రశ్నకి జవాబు ఇదే అమ్మా. వరస తప్పింది నేను.

మొన్న బుధవారం పిల్లల వీడ్కోలు సభ జరిగింది. తల్లిదండ్రులు, తనిఖీ సాహెబు అందరూ వచ్చారు. పొద్దున్నే గురూజీకి జరిగిందంతా చెప్పి, ఇవాళ ఆ మాట బయటపెడతానన్నాను. ఆయన ముఖం పాలిపోయింది. "దాని మీద నా సంతకం కూడా ఉందమ్మాయ్. ఇంకో నెల ఆగు. నేను దిగిపోయాక ఏమైనా చెప్పుకో" అన్నారు. నెల ఆగితే అవతలి బడిలో పేర్ల నమోదు ముగిసిపోతుంది. ఆ మాటే చెప్పాను. ఆయన కుర్చీ ఇంకో వైపు తిప్పుకుని కూర్చున్నారు.

పిల్లలు పాటలు పాడారు, పత్రిక అందరికీ చూపించారు. కేతకి పేజీ నేను కుట్టలేదు, నా చేతిలోనే ఉంది. నా వంతు వచ్చినప్పుడు నిలబడ్డాను. ముందు రాసుకున్నదేమీ గుర్తు రాలేదు. రేవు మెట్ల దగ్గర అది చెప్పింది, నేనన్నది, రిపోర్టులో రాసింది, మూడూ చెప్పాను.

ముందు లేచింది సోనల్ తల్లి. "అంటే ఆ పిల్ల వద్దంటున్నా నా కూతుర్ని నీళ్లలోకి దింపింది మీరా?" అంది.

"నేనే."

"నేను నీ కాళ్లు పట్టుకోబోయాను. అప్పుడు కూడా నోరు రాలేదు నీకు." మీరు నుంచి నువ్వుకి వచ్చేసింది. నేను తల వంచుకోలేదు, ఆమె ముఖమే చూస్తూ నిలబడ్డాను. అదొక్కటే చేయగలిగాను.

వాసుదేవ్ వెనక గోడకి ఆనుకుని ఉన్నాడు. గోడ వదిలి ముందుకొచ్చాడు. "ఇరవై రోజులు దీన్ని తిట్టాను బాయీ. అన్నం దగ్గర కూడా తిట్టాను. ఒకసారి చెయ్యి కూడా చేసుకున్నాను. అది నేనెలా వెనక్కి తీసుకోను?"

భాగీరథి ఆజీ కూర్చున్నచోటు నుంచే కొడుకుతో అంది: "నాకు తెలుసురా. ఆ రోజే చెప్పింది. నేను వచ్చి బడి ముందు కూర్చుని అరుస్తానంటే, వద్దు ఆజీ, బాయి ఉద్యోగం పోద్ది, బాయే చెప్తుంది చూడు అంది. రోజూ బడి నుంచి రాగానే అడిగేదాన్ని, చెప్పిందా అని. ఇంకా లేదు అనేది."

అమ్మా, సాహెబు లేచి ఏదో అన్నాడు, విచారణ అనీ, లిఖితపూర్వకంగా అనీ. నాకు ఆ ముసలావిడ మాట తప్ప ఏదీ చెవికెక్కలేదు. ఇరవై రోజులు ఆ పిల్ల నా కోసం ఎదురు చూసింది.

కొత్త రిపోర్టు రాసిచ్చాను. మే ఆరున జిల్లా ఆఫీసులో విచారణ. బదిలీ చేయొచ్చు, సస్పెండ్ చేయొచ్చు, తెలియదు. గురూజీ నాతో మాట్లాడటం మానేశారు. ఆయన కోపం న్యాయం కాదని అనలేను. ఆయనకి ఆ రోజే అన్నీ చెప్పి ఉంటే అలా రాయించేవారు కాదేమో. అదీ రిపోర్టులో రాశాను. ఇంట్లో ఆయన మాత్రం, "పోతే పోనీ, చూద్దాం" అన్నారు. జిల్లా ఆఫీసులో నీ పాత శిష్యుడు ఉన్నాడని నాకు తెలుసు. దయచేసి అతనికి ఫోన్ చేయకు. ఇది నేను నిన్ను అడుగుతున్న ఒకే ఒక్క సాయం.

నిన్న వాసుదేవ్, కేతకి, నేను పడవలో అవతలి బడికి వెళ్లాం. వాసుదేవే వచ్చి రమ్మన్నాడు. ఐదో తరగతిలో పేరు రాయించాం. గుమాస్తా అడిగినవాటన్నిటికీ కేతకే జవాబులు చెప్పింది. నాతో మాత్రం రానూ పోనూ ఒక్క మాట లేదు. తిరుగు పడవలో ముందు కొన దగ్గర ఒంటరిగా కూర్చుంది. నేను వెళ్లి పక్కన కూర్చుని, "నన్ను క్షమించమని నిన్ను ఇంకా అడగలేదు కేతకీ" అన్నాను.

అది నీళ్లు చూస్తూ ఆలోచించింది.

"నాకు ఇంకా కోపంగానే ఉంది బాయీ."

"ఉండనీ."

"ఎన్నాళ్లుంటుందో తెలీదు. జూన్‌లో బడి తెరుస్తారు కదా. అప్పటికి తగ్గితే వచ్చి చెప్తాను. తగ్గకపోయినా వచ్చి చెప్తాను."

"నేను అప్పటికి ఈ ఊళ్లో ఉంటానో లేదో" అన్నాను.

అది మొదటిసారి నా వైపు తిరిగింది. "ఎక్కడికి పంపితే అక్కడికి ఉత్తరం రాస్తాను. అడ్రసు ఇచ్చి వెళ్లండి" అంది.

ఒడ్డు రాగానే వాళ్ల నాన్న కంటే ముందు దూకి, తాడు అందుకుని, గుంజకి కట్టి, మా ఇద్దరినీ చూసి చెప్పింది, "మెట్టు జారుతుంది, చూసుకుని దిగండి" అని. చూసుకునే దిగాను.

తమ్ముడికీ పిల్లలకీ నా దీవెనలు. విచారణ అయ్యాక, ఏ తీర్పు వచ్చినా నీ దగ్గరికి వస్తాను. నీ తిట్లు కూడా అప్పుడే పడతాను.

ఇట్లు,
నీ పెద్దకూతురు
శుభద